పార్కింగ్ లాట్‌లో నేను ఎందుకు నవ్వాను?

తెనాలి_టు_టెక్సస్:

అందరికీ నమస్తే. ఇక్కడ రోజూ చదువుతాను కానీ రాయడం ఇదే మొదటిసారి. పెద్దగా ఉంటుంది, ఓపికున్నవాళ్లే చదవండి.

మేం డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. వచ్చి 11 ఏళ్లయింది, ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. మా ఆయనది హెచ్1బీ ఉద్యోగ వీసా. గ్రీన్ కార్డ్ లైన్లో మా వంతు ఎప్పుడో మాత్రం అడక్కండి. పోయిన నెల ఒక శనివారం మా అత్తయ్య, నేను, మా ఏడేళ్ల బాబు కూరగాయలు కొనుక్కుని బయటికొచ్చి కారులో సంచులు సర్దుతున్నాం. అత్తయ్యకి చెవి కొంచెం తక్కువ, గట్టిగా మాట్లాడాలి, తెలుగులోనేగా మాట్లాడతాం. పక్కన పికప్ ట్రక్కులో ఒకాయన, అరవై దాటి ఉంటాయి, అద్దం దించి ముందు అత్తయ్య చీర వైపు చూశాడు, తర్వాత నా వైపు చూసి, మీ దేశానికి పొండి, మా ఊరంతా పాడుచేశారు అని ఒక బూతు కూడా కలిపి అన్నాడు. అరవలేదు. ఇంట్లో పాలు అయిపోయాయి అని చెప్పినంత మామూలుగా అన్నాడు.

నేను నవ్వాను. నిజంగా. ఎవరైనా తలుపు పట్టుకుంటే థాంక్యూ అంటూ నవ్వుతామే, అచ్చం అలాంటి నవ్వు. అత్తయ్యకి ఏం వినపడలేదు, ఆవిడ కూడా నన్ను చూసి ఆయన వైపు నవ్వి తలూపింది. ఆయన వెళ్లిపోయాడు. సగం దారిలో మావాడు వెనక సీట్లోంచి "అమ్మా, ఆయన తిడితే నువ్వెందుకు నవ్వావు?" అన్నాడు. సీటుబెల్టు సరిగ్గా పెట్టుకో అన్నాను. అదీ నేను చెప్పిన జవాబు.

అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. రాత్రి రెండింటికి లేచి ఫోన్ చూస్తుంటాను, మన గురించి జనం ఏం రాస్తున్నారో వెతికి వెతికి మరీ చదువుతాను, అది పుండు గోక్కోవడమేనని తెలిసి కూడా. ఇదొక్కటే అయితే మర్చిపోయేదాన్నేమో. 2025 జనవరి 20న ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదని ఆర్డర్ వచ్చింది, అప్పుడు మా చిన్నది కడుపులో ఉంది. కోర్టులు ఆపాయి కాబట్టి సరిపోయింది, కానీ ఆ రెండు నెలలూ నేను స్కాన్ రిపోర్టు కంటే కోర్టు వార్తలే ఎక్కువ చూశాను. మళ్లీ సెప్టెంబర్ 19, శుక్రవారం సాయంత్రం, హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. మా ఆయన అప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు, వాళ్ల నాన్నగారి ఆపరేషన్. రాత్రంతా టికెట్ల కోసం ఫోన్లు. మర్నాడు తీరిగ్గా అది కొత్త పిటిషన్లకే అన్నారు. ఈయనేమో "మనకి వర్తించదుగా, వదిలెయ్" అంటాడు. ప్రతిదానికీ అదే మాట. తల దించుకుని మన పని మనం చూసుకుందాం అంటాడు. తల దించుకునే కదా ఉన్నాం!

నాకు ఓటు లేదు. గొంతెత్తితే వీసాకి ఏమవుతుందోనని భయం. మీలో ఎవరికైనా ఇలా అయిందా? మీరేం చేశారు? మా బాబుకి ఏం చెప్పను?

—

బెజవాడ_బుల్లోడు:

అంత కష్టమైతే వచ్చెయ్యండి మేడమ్. ఇక్కడ ట్రాఫిక్ తప్ప బాధలేం లేవు. డాలర్లు కావాలి, మర్యాద కూడా కావాలంటే ఎలా?

—

నిజం_చెప్తే_కోపం:

అక్కా, మీకు జరిగింది తప్పే, కాదనను. కానీ మనవాళ్ల సంగతి కూడా ఒకసారి చూసుకోవాలి కదా. హీరో సినిమా వస్తే కార్ల ర్యాలీ, థియేటర్లో కాగితాలు చల్లడం, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో రాత్రి పన్నెండు దాకా సౌండ్ బాక్సులు. మన రాష్ట్రం పార్టీల గొడవలు కూడా ఇక్కడికే మోసుకొచ్చాం. వాళ్లకి మంట పుట్టదా? మనం కొంచెం ఒద్దికగా ఉంటే ఇదంతా తగ్గుతుందని నా అభిప్రాయం. తిట్టేవాళ్లు తిట్టండి.

—

కాన్సాస్_కాపురం:

నిజం_చెప్తే_కోపం గారూ, నేను తిట్టను. 2017లో నేను కాన్సాస్‌లో ఓలేత్ అనే ఊరి పక్కనే ఉండేవాణ్ణి, ఆ సంగతి చెప్తాను, తర్వాత మీ ఒద్దిక గురించి మాట్లాడుకుందాం.

ఫిబ్రవరి 22, బుధవారం. శ్రీనివాస్ కూచిభొట్ల, ఆలోక్ మాడసాని ఆఫీసు అయ్యాక ఆస్టిన్స్ అనే బార్‌కి వెళ్లారు. వాళ్లు మామూలుగా వెళ్లే చోటే. ఇద్దరు ఇంజినీర్లు కూర్చుని బీరు తాగుతున్నారు, అంతే. ర్యాలీ లేదు, సౌండ్ బాక్స్ లేదు. ఒకడొచ్చి ఏ వీసా మీద వచ్చారని మొదలుపెట్టాడు, వాణ్ణి బయటికి పంపేశారు. వాడు తుపాకీతో తిరిగొచ్చి, నా దేశం నుంచి పొండి అని కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, 32 ఏళ్లు. ఆలోక్‌కి కాల్లో తగిలింది. కాల్చినవాడు పారిపోయి ఇంకో ఊళ్లో బార్‌లో కూర్చుని ఇద్దరు ఇరానీలని కాల్చానని చెప్పుకున్నాడట. అంటే మనం ఎవరమో కూడా వాడికి తెలియదు. మనం ఒద్దికగా ఉన్నామా లేదా అన్నది వాడెక్కడ చూడబోయాడు?

సియాటెల్‌లో కందుల జాహ్నవి విషయం కూడా అంతే. ఆదోని అమ్మాయి, 23 ఏళ్లు, ఎమ్మెస్ చదువుతోంది. 2023 జనవరి 23న రోడ్డు దాటుతుంటే, అదీ దాటాల్సిన చోటే, 25 మైళ్ల స్పీడుండాల్సిన వీధిలో 74 మైళ్ల స్పీడుతో వచ్చిన పోలీసు కారు గుద్దింది. ఆ తర్వాత ఇంకో ఆఫీసర్ ఫోన్లో నవ్వుతూ ఆ పిల్ల ప్రాణానికి పెద్ద విలువేం లేదు, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరి అన్నట్టు మాట్లాడింది రికార్డయింది. గుద్దినతని మీద క్రిమినల్ కేసు పెట్టలేదు, ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి, ఒకరిది 2024లో, ఒకరిది 2025లో.

తెనాలి అక్కా, మీరడిగింది ఎలా తట్టుకున్నారని. ఓలేత్ అప్పుడు మొదటి వారం మేం తట్టుకోలేదు. ముందు గదిలో లైటు వేసేవాళ్లం కాదు. మా ఆవిడ నన్ను ఆఫీసు నుంచి గంటగంటకీ మెసేజ్ పెట్టమనేది. ఆ ఆదివారం ఓలేత్‌లో శాంతి ర్యాలీ పెట్టారు, నేను వెళ్లనన్నాను, గుంపులో ఉంటే ఇంకా ప్రమాదం అని. మా ఆవిడ బలవంతంగా తీసుకెళ్లింది. అక్కడ ఎవరేం మాట్లాడారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఒక తెల్ల ముసలాయన చలికి వణుకుతూ నా పక్కన నిలబడ్డాడు, అది మాత్రం గుర్తుంది. ఆ బార్‌లో కాల్పులు ఆపబోయి ఇయాన్ గ్రిల్లట్ అనే కుర్రాడు కూడా తూటా తిన్నాడు, అతనూ తెల్లవాడే. తర్వాత హ్యూస్టన్‌లో మనవాళ్లు అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసిచ్చారు. చూడండి, ఒకే బార్‌లో ఇద్దరూ ఉన్నారు, కాల్చినవాడూ, అడ్డం పడినవాడూ. నాకు రాత్రుళ్లు మొదటివాడే గుర్తొచ్చేవాడు. రెండోవాణ్ణి గుర్తు చేసుకోవడం నేను ప్రాక్టీస్ చేసి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇంకో మాట. శ్రీనివాస్ పోయాక ఆయన భార్య సునయన వీసా కూడా పోయింది, ఆవిడ ఇక్కడ ఉండే హక్కు ఆయన ఉద్యోగంతోనే ముడిపడి ఉంది మరి. భర్తని దహనం చేయడానికి వెళ్లి తిరిగి రావడానికి ఒక కాంగ్రెస్ సభ్యుడి సాయం కావాల్సి వచ్చింది. అలాంటి పరిస్థితిలో ఉండి కూడా ఆవిడ, భర్త పోయిన రెండో రోజే మైకుల ముందు కూర్చుని, ఈ ద్వేషాన్ని ఆపడానికి ప్రభుత్వం ఏం చేస్తుందని అడిగింది. గొంతెత్తితే వీసాకి ఏమవుతుందోనని నేను భయపడినప్పుడల్లా ఆవిడ గుర్తొస్తుంది. భయం పోదు కానీ కాస్త సిగ్గేస్తుంది.

—

ఎడిసన్_తాతయ్య:

అమ్మా, నేను 1979లో వచ్చాను. జెర్సీ సిటీలో ఉండేవాళ్లం. 1987లో అక్కడ డాట్‌బస్టర్స్ అని ఒక గుంపు బయల్దేరింది. డాట్ అంటే మన ఆడవాళ్ల బొట్టు. వీధిలో హిందువు కనిపిస్తే, ఆడైనా మగైనా, అదను చూసి కొడతాం అని పేపర్‌కి ఉత్తరం రాశారు, పేపర్ వాళ్లు అచ్చు కూడా వేశారు. ఆ సెప్టెంబర్‌లో హోబోకెన్‌లో నవరోజ్ మోదీ అనే పార్సీ కుర్రాణ్ణి కొట్టి చంపారు. పార్సీ అబ్బాయికి బొట్టేమిటి, ఏమీ లేదు.

మా ఆవిడ అప్పుడు బస్సులో పనికి వెళ్లేది. ఇంట్లో బొట్టు పెట్టుకునేది, బస్‌స్టాప్ చేరేలోపు తీసి పర్సు లోపల అద్దానికి అంటించేది, సాయంత్రం మళ్లీ మెట్లెక్కుతూ పెట్టుకునేది. నాకు ఈ సంగతి ఏడాది దాకా తెలియదు. పర్సులో చిల్లర వెతుకుతుంటే అద్దం నిండా ఎర్ర బొట్లు కనిపించాయి. అప్పుడు నేనేమన్నానో చెప్పమంటారా? "మంచి పని చేశావు" అన్నాను. మీ ఆయన అన్నట్టే. మగవాళ్లం కదా, సమస్య తీరిపోయిందనుకున్నాం. ఇప్పుడు ఆవిడకి 72. ఎడిసన్‌లో ఏ వీధికెళ్లినా చీరలే, అయినా ఇల్లు దాటేటప్పుడు ఆవిడ చెయ్యి నుదుటి మీదికి వెళ్తుంది. తీయదు, ఊరికే తడుముకుంటుంది. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు.

మీ నవ్వు కూడా అలా పర్సులో దాచకమ్మా. మీ ఆయనతో కూర్చుని మాట్లాడు. ఆయన వదిలెయ్ అంటున్నాడంటే ఆయన్ని కూడా ఎవరో ఏదో అనే ఉంటారు.

నేను రిటైరయ్యాక కాస్త చరిత్ర చదివాను. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు, పౌరసత్వానికి అర్హులు కారు అంది. అప్పటికే పౌరులైనవాళ్ల కాగితాలు కూడా వెనక్కి లాక్కున్నారు. 1946 దాకా తలుపు మూసే ఉంది, తెరిచాక కూడా ఏడాదికి వంద మంది. ఇది చదివితే నాకు భయం పెరగాలి కదా, ఎందుకో తగ్గింది. ఇదంతా ఇవాళ కొత్తగా మన నెత్తిన పడింది కాదని తెలిసినందుకేమో.

—

అట్లాంటా_నర్సమ్మ:

బాబాయ్ గారు 1946 దగ్గర ఆపేశారు, 1965 కూడా చెప్పాల్సింది. మనందరం వచ్చింది ఆ ఏడాది మారిన వలస చట్టం వల్ల. దేశాలవారీగా మనుషుల్ని ఏరే పద్ధతి పోయిందంటే, నల్లజాతి వాళ్లు పదేళ్లు రోడ్ల మీద దెబ్బలు తిని, జైళ్లకి వెళ్లి తెచ్చిన గాలి అది. మనం మాత్రం ఇల్లు కొనేటప్పుడు ఏజెంటుని మొదట అడిగేది "ఆ ఏరియాలో వాళ్లు ఎక్కువా?" అని. నేనూ అడిగాను, దాచుకోవడం ఎందుకు.

2020లో పోలీసు చేతిలో చనిపోయిన నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ వీడియో వచ్చిన వారం నా వార్డులో సగం మంది నల్ల నర్సులు. బ్రేక్ రూములో ఎవరూ మాట్లాడటం లేదు. నేను మంచిదాన్ననుకుని ఒకావిడ దగ్గరికెళ్లి "ఎలా తట్టుకుంటున్నావు" అని అడిగాను, ఇప్పుడు మీరు అడిగినట్టే. ఆవిడ నన్ను చూసి "ఇవాళ దాని గురించి మాట్లాడను, లంచ్‌కి ఏం తెచ్చావు?" అంది. నాకు చురుక్కుమంది. తర్వాత అర్థమైంది, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు మానాలో వాళ్లకి తరాలుగా తెలుసు, మనకే తెలియదు. ఆవిడ నెలకి రెండు శనివారాలు వాళ్ల చర్చి తరఫున ఓటరు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చుంటుంది. మిగతా రెండు శనివారాలు వార్తలు చూడదు, చేపలు పట్టడానికి వెళ్తుంది. ఎవరు గెలిచినా ఎవరు ఓడినా ఇదే లెక్క. నాకు ఆ లెక్క నచ్చింది. నేను కూడా పెట్టుకున్నాను, చేపలు లేవు కానీ తోటపని ఉంది, ఈసారి దోసకాయలు బాగా కాశాయి.

—

పల్లె_నుంచి_సియాటెల్:

తెనాలి గారూ, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మీరు బాధపడితే క్షమించండి.

మీరు నవ్విన నవ్వు నాకు బాగా తెలుసు. మా నాన్నది అదే నవ్వు. మాది మీ పక్కనే, రైలెక్కితే తెనాలికి కాసేపట్లో వచ్చేస్తాం. చిన్నప్పుడు మా నాన్న కూలి డబ్బులకి ఆసామి ఇంటికి వెళ్తే నన్నూ తీసుకెళ్లేవాడు. అరుగు కిందే నిలబడేవాళ్లం. ఆయన నాన్నని ఒరేయ్ అని, కులం పేరుతో కలిపి ఏదో అనేవాడు, నాన్న నవ్వేవాడు. దారిలో నేను కూడా మీ బాబు అడిగిందే అడిగాను. నాన్న ఏం చెప్పలేదు. నాకు సీటుబెల్టు లేదు కాబట్టి చెయ్యి పట్టుకుని గబగబా నడిపించాడు.

1991 ఆగస్టు 6న చుండూరులో పెద్ద కులాలవాళ్లు ఎనిమిది మంది దళితుల్ని చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలై అక్కడిదాకా వచ్చింది. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. మా బంధువులు ఆ ఊళ్లో ఉన్నారు. ఊరు వదిలి వచ్చినవాళ్లు తెనాలిలో తలదాచుకున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, వాళ్లకి గుర్తుంటుంది. ఏమని గుర్తుందో నేను చెప్పలేను.

కేసు 16 ఏళ్లు నడిచింది. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు, ఎందుకంటే సాక్షులు గుంటూరుకో ఇంకెక్కడికో వెళ్లి వచ్చేలోపు ఏమైనా జరగొచ్చు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. అప్పుడు నేను ఇక్కడ ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఆ రోజు ఆఫీసు బాత్‌రూములో ఏడ్చి, మొహం కడుక్కుని మీటింగులో కూర్చున్నాను. రాజకీయాల మీద, కోర్టుల మీద నిరాశ అంటే ఏమిటో నాకు అమెరికా నేర్పలేదండీ.

మరి వాళ్లెలా బతికారు? నేను చూసింది చెప్తాను. చనిపోయినవాళ్లని ఎక్కడో ఊరి బయట కాదు, ఊరి మధ్యనే పూడ్చారు. రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఏటా ఆగస్టు 6న అక్కడ కలుస్తారు, డప్పు ఉంటుంది, పాట ఉంటుంది, భోజనాలు ఉంటాయి. కోర్టు వాయిదాలకి కూడా ఒక్కరినీ ఒంటరిగా పంపేవాళ్లు కాదు, సాక్షి ఒకరైతే వెంట పది మంది. బొజ్జా తారకం గారి లాంటి లాయర్లు ఏళ్ల తరబడి ఆ కేసు వెంట తిరిగారు. గెలుస్తామని నమ్మి వెళ్లారని నేను అనుకోను. వెళ్లకపోతే ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, అందుకని వెళ్లారు.

మార్టిన్ లూథర్ కింగ్ 1959లో ఇండియా వచ్చినప్పుడు కేరళలో ఒక బడికి వెళ్లారు. అక్కడి హెడ్మాస్టరు పిల్లలకి ఈయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు అని పరిచయం చేశాడు. ఆయనకి మొదట కోపం వచ్చిందట, కాసేపటికి అవును నిజమే అనుకున్నాడట. తర్వాత ఆయనే చర్చిలో చెప్పుకున్నాడు. మీకు జరిగిందీ మాకు జరిగిందీ ఒకటే అని నేను అనడం లేదు. మీరు ఒక్క శనివారం రుచి చూశారు. కానీ ఆ రుచి ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు.

చివరిగా ఒకటి. జాహ్నవి పోయిన నెల తర్వాత, 2023 ఫిబ్రవరి 21న, ఇదే సియాటెల్‌లో కుల వివక్షని నిషేధించారు. ఆ అమ్మాయి కోసం కొవ్వొత్తులు పట్టుకుని నా పక్కన ఏడ్చినవాళ్లే, కులం మాట వచ్చేసరికి ఇక్కడ కులం ఎక్కడుంది, మనల్ని మనమే అల్లరి చేసుకోవడం అని గ్రూపుల్లో రాశారు. నేను మూడు గ్రూపుల్లోంచి బయటికొచ్చాను. మీరు పెట్టుకునే గ్రూపులో నాలాంటివాడు నోరు విప్పగలడా అన్నది మాత్రం చూసుకోండి.

—

నిజం_చెప్తే_కోపం:

సియాటెల్ అన్నా, చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు. పైనున్న నా కామెంట్ అలాగే ఉంచుతున్నాను, తీసేస్తే దొంగతనంలా ఉంటుంది.

—

మనసు_మాట:

నేను కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను, చికాగో. నవ్వు గురించి నా వైపు నుంచి కొంచెం.

ప్రమాదం ఎదురైతే ఒళ్లు తనంతట తాను ఒక దారి వెతుక్కుంటుంది. తిరగబడటం, పారిపోవడం, కొయ్యబారిపోవడం, ఎదుటివాణ్ణి చల్లబరచడం. పక్కన చిన్న పిల్లాడు, పెద్దావిడ, ఎదురుగా తుపాకీ ఉందో లేదో తెలియని మనిషి. మీరు నాలుగోది చేశారు. మీ తెలివి కంటే ముందు మీ ఒళ్లు లెక్కేసింది, తప్పుగా కూడా వేయలేదు. పిరికితనం అనుకోవద్దు.

ఏడేళ్ల పిల్లాడికి నిజమే చెప్పండి, చిన్న మాటల్లో. జవాబు దొరక్కపోతే పిల్లలు తప్పు తమదేనేమో అనుకుంటారు. రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టండి, అలారానికి వేరే గడియారం కొనుక్కోండి, పది డాలర్లు. వార్తలు పగలు ఒక్కసారి, నిలబడి చదవండి. పడుకుని చదివితే అవి మీతోపాటే పడుకుంటాయి. జరిగింది కాగితం మీద తేదీ, టైముతో సహా రాసుకుని పోలీసులకి రిపోర్ట్ ఇవ్వండి. అరెస్టులేం జరగకపోవచ్చు, మాట ఒక్కటే నేరం కాకపోవచ్చు కూడా, కానీ రేపు అదే మనిషి ఇంకొకరితో ఇంకేదైనా చేస్తే మీ రిపోర్టు పనికొస్తుంది.

నెల దాటినా నిద్ర లేకపోతే ఎవరినైనా కలవండి. చాలా కంపెనీలు ఉద్యోగి కుటుంబానికి కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తాయి, హెచ్ఆర్ వాళ్ల కాగితాల్లో అడుగున ఉంటుంది. కౌన్సెలింగ్‌కి వెళ్తే గ్రీన్ కార్డ్ పోతుందని మనవాళ్లలో ఒక పుకారుంది. మామూలు దిగులుకి, టెన్షన్‌కి కౌన్సెలింగ్ తీసుకున్నందుకు పోదు, వైద్య పరీక్షలో వాళ్లు చూసేది తమకో ఎదుటివాళ్లకో హాని చేసేంత ప్రవర్తన ఉందా అని. ప్రాణం తీసుకోవాలనిపించేంత వస్తే ఆలస్యం చేయకుండా 988కి ఫోన్ చేయండి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి అలాంటిది వస్తే 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు.

ఓటు లేదన్నారు. సిటీ కౌన్సిల్ మీటింగులో, స్కూల్ బోర్డు మీటింగులో మాట్లాడటానికి ఓటరు అయ్యుండక్కర్లేదు. సాధారణంగా మూడు నిమిషాలు ఇస్తారు. రాసుకుని వెళ్లండి, చేతులు వణుకుతాయి.

—

ఎమ్మెస్_బ్యాచ్:

అందరివీ చదివాను. నేను డెంటన్‌లో చదువుతున్నాను, ఇంకో సెమిస్టర్ ఉంది. మా కజిన్ 2019లో ఆ ఫేక్ యూనివర్సిటీ కేసులో దొరికినవాళ్లలో ఒకడు, ఫార్మింగ్టన్‌ది, ప్రభుత్వమే వల వేసి పెట్టిన యూనివర్సిటీ. ఒక్కసారే 129 మంది ఇండియన్ స్టూడెంట్లని పట్టుకున్నారు, ఎక్కువ మంది మనవాళ్లే. వాడు తిరిగొచ్చాక రెండేళ్లు ఇంట్లోంచి బయటికి రాలేదు. నాకు 40 లక్షల లోన్. నాన్నకి అంతా బాగుందని చెప్తాను. రూమ్మేట్స్ వెళ్లిపోయారు. నవ్వడానికి కూడా ఎవరూ లేరు ఇక్కడ. ఊరికే రాశాను.

—

తెనాలి_టు_టెక్సస్:

అందరికీ విడివిడిగా రాయాలని ఉంది, చిన్నది ఏడుస్తోంది.

బెజవాడ తమ్ముడూ, వచ్చేయొచ్చు. మా వాడికి తెలుగు చదవడం రాదు, ఇంటి లోన్ ఉంది, కానీ వచ్చేయొచ్చు, రోజూ అనుకుంటాం. వచ్చినా రాకపోయినా ఆ పార్కింగ్ లాట్ నాతోనే వస్తుంది.

సియాటెల్ గారూ, మా అమ్మకి ఫోన్ చేసి 1991 గురించి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడు మన వీధిలో తలుపులు వేసుకున్నాం" అంది. గొడవ అని, బయటికి వెళ్లొద్దని నాన్న చెప్పాడట. వాళ్లకి అన్నం పెట్టినవాళ్లు కూడా ఉన్నారు కానీ మనం కాదు అంది. ఇంతకంటే నా దగ్గర మాట లేదండీ. మీరు రాసినందుకు బాధపడలేదు.

రాత్రి మా ఆయనతో కూర్చున్నాను. తాతయ్య గారు చెప్పింది నిజం. రెండేళ్లుగా ఆఫీసులో ఒకడు ఈయన యాసని అనుకరించి అందరినీ నవ్విస్తున్నాడట, ఈయన కూడా కలిసి నవ్వుతున్నాడట. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

మా బాబుకి చెప్పాను. "నాన్నా, ఆ రోజు అమ్మకి భయమేసింది, భయమేస్తే అమ్మకి అలా నవ్వొచ్చింది, ఆయన అన్నది తప్పు" అని. వాడు లెగోలు పేర్చుకుంటూ తలెత్తకుండానే "నేను కూడా స్కూల్లో అలాగే నవ్వుతాను" అన్నాడు. ఎప్పుడు అంటే లంచ్ డబ్బా తెరిచినప్పుడు అన్నాడు. ఇన్నాళ్లూ పులిహోర వద్దు, బ్రెడ్ పెట్టు అంటుంటే నోరు మారిందనుకున్నాను. సోమవారం టీచర్‌ని కలుస్తున్నాం, ఇద్దరం. మా ఆయన సెలవు పెట్టాడు. రాసుకుని వెళ్తున్నాను, మూడు నిమిషాల లెక్కలోనే.

ఎమ్మెస్ తమ్ముడూ, ఊరికే రాశానన్నావు, నాకు అలా అనిపించలేదు. డెంటన్ మాకు ముప్పావుగంట. ఆదివారం మధ్యాహ్నం రా.

—

ఎమ్మెస్_బ్యాచ్:

కారు లేదక్కా. పర్లేదు.

—

తెనాలి_టు_టెక్సస్:

నిన్ను కారు అడగలేదు. మా ఆయన పదకొండింటికి వస్తాడు, అడ్రస్ మెసేజ్ పెట్టు. దోసకాయ పప్పు తింటావా?

—

అట్లాంటా_నర్సమ్మ:

దోసకాయ ముందు చేదు చూసి వెయ్యమ్మా.